ఫోన్ మేట్ చేతిలో, గడ్డపార మన చేతిలో

కంప్యూటర్లను మనుషులు ఎలా వాడుతున్నారో పరిశోధించేవాళ్ల పెద్ద అంతర్జాతీయ సదస్సు 'కై'. 2022లో న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన ఆ సదస్సులో పలాషి వాఘేలా, స్టీవెన్ జాక్సన్, ఫీబీ సెంగర్స్‌ల పత్రం వచ్చింది. కులం లేదని చెప్పుకునే కంప్యూటింగ్ రంగంలో దళితులు ఎలా నెట్టుకొస్తున్నారో అది చూపింది.

పుట్టపర్తి పల్లెలకు ఈ చర్చతో పనేంటి? ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఈ అనంతపురం కరువు నేలమీదే, బండ్లపల్లిలో. 2023 జనవరి 1 నుంచి హాజరు ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లోనే వేయాలన్నారు. రోజుకు రెండు ఫోటోలు. డిజైనర్ల లెక్కలో 'యూజర్' మేట్. కూలీ ఫోటోలో ఒక ముఖం, అంతే. సర్వర్ మొరాయించి ఫోటో ఎక్కకపోతే పోయేది మాత్రం కందకం తవ్విన ఆమె కూలి. దొంగ హాజరు ఆగిందా అంటే, ఫోటోలకే ఫోటోలు తీసి ఎక్కిస్తున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది!

యాప్‌కు కులమేంటి అంటారు. 2021లో అదే శాఖ కూలి చెల్లింపులను ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని మూడుగా చీల్చింది. ఒకేచోట తవ్వినవాళ్లకు తలోరోజు డబ్బు పడింది, పనిచోట తగాదాలు లేచాయి. విమర్శలొచ్చాక వెనక్కి తీసుకుంది. చెల్లింపుల్లో కులాన్ని అంత తేలిగ్గా విడగొట్టగలిగిన వ్యవస్థ, ఎవరి హాజరు ఎన్నిసార్లు పోయిందో కూడా కులంవారీగా చెప్పగలదు. సోషల్ ఆడిట్ గ్రామసభలో మొదట అడగాల్సింది ఆ లెక్కే. డిజైన్ చదువుతున్న విద్యార్థులు ఒక పూట మేట్‌ను వదిలి, తట్ట మోసే ఆమె పక్కన కూర్చుని రాసుకోండి.