దిక్కులు మనకి తెలియకపోవడమేమిటి?

"ఆడవాళ్ళకి దిక్కులు తెలియవు" అన్న మాట ఎవరు మొదలుపెట్టారో గానీ, దాన్ని ఎక్కువగా మోస్తున్నది మనమే. కారులో పక్కన కూర్చుని దారి చెప్పబోతే నవ్వుతారు, మనమూ నవ్వేసి ఊరుకుంటాం. అక్కడితో పోతే సరే. ఆ మాట ఇప్పుడు పరీక్ష హాల్లోకి కూడా వెళ్ళి కూర్చుంది, అందుకే ఇది రాస్తున్నాను.

మా పక్కింటి కోడలు డిగ్రీ చదివింది. పిల్లలిద్దరూ బడికి వెళ్ళే వయసొచ్చాక బ్యాంకు పరీక్షలకి చదువుతోంది. కోచింగ్‌లో సారు, "దిక్కుల లెక్కలు ఆడపిల్లలకి కుదరవమ్మా, వదిలేసి మిగతావి చూసుకోండి" అన్నారట. "నిజమే కదక్కా, నాకు కుడి ఎడమలే తికమక" అని ఆ అమ్మాయీ ఒప్పేసుకుంది. నాకది అస్సలు నచ్చలేదు. క్లర్కు ప్రిలిమ్స్ రీజనింగ్‌లో 35 ప్రశ్నలకి 20 నిమిషాలు. తప్పు రాస్తే పావు మార్కు కోత. ఒకటి రెండు మార్కుల దగ్గర ఉద్యోగాలు చేజారే చోట, చేతికందే మార్కుని ముందే వదులుకోమనడం ఏం సలహా?

అసలు దిక్కులతో మనకున్నంత పరిచయం ఎవరికుంది చెప్పండి? పొయ్యి ఆగ్నేయంలో, దేవుడి గది ఈశాన్యంలో, బీరువా నైరుతిలో అని ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీతో వాదించేది మనమే. ఉత్తరం వైపు తల పెట్టి పడుకోవద్దని పిల్లల్ని లేపి మరీ తిప్పేది మనమే. వాస్తు నమ్ముతారా లేదా అన్నది వేరే సంగతి. ఎనిమిది దిక్కుల పేర్లూ మన నోటి మీద ఉన్నాయి. తూర్పు, ఆగ్నేయం, దక్షిణం, నైరుతి, పడమర, వాయవ్యం, ఉత్తరం, ఈశాన్యం. దీపం చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు కుడివైపుగా తిరుగుతూ వచ్చే వరుస అది. ఎదురెదురు జతలు కూడా సులువే. అగ్నికి ఎదురు వాయువు, ఈశాన్యానికి ఎదురు నైరుతి.

మరి తికమక ఎక్కడొస్తుంది? నేను గమనించినంతలో రెండు చోట్ల. మొదటిది, నడిచే మనిషి కుడిని వదిలేసి కాగితం కుడిని పట్టుకోవడం. ఉదాహరణకి, సీత ఇంటి నుంచి దక్షిణంగా 3 కిలోమీటర్లు నడిచి, ఎడమకి తిరిగి 4 కిలోమీటర్లు వెళ్ళింది. మళ్ళీ ఎడమకి తిరిగి 6 కిలోమీటర్లు నడిచింది. ఇప్పుడామె ఇంటికి ఎంత దూరంలో, ఏ దిక్కున ఉంది? దక్షిణం వైపు వెళ్తున్న మనిషికి ఎడమ చెయ్యి తూర్పు. కాగితం మీద మాత్రం అది మనకి కుడివైపు కనిపిస్తుంది. అందుకే సీత నడిచే వైపుకి కాగితాన్నే తిప్పుకోవాలి. తూర్పుకి వెళ్తూ ఎడమకి తిరిగితే ఉత్తరం. కిందికి 3 వెళ్ళి పైకి 6 వచ్చింది కాబట్టి ఇంటి కంటే 3 పైన, 4 తూర్పున ఉంది. మూడు, నాలుగు అనగానే ఐదు అని బళ్ళో చదువుకున్నదే. జవాబు 5 కిలోమీటర్లు, ఈశాన్యం.

రెండో తికమక భాషది, ఇక్కడ నా బీఏ తెలుగు పనికొచ్చింది. "సీత ఇంటికి ఏ దిక్కున ఉంది", "ఇల్లు సీతకి ఏ దిక్కున ఉంది" అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు ఈశాన్యం, రెండోదానికి నైరుతి. చిన్నప్పుడు "కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్" అని షష్ఠీ విభక్తి వల్లించాం గుర్తుందా? ఆ కి, కు ఏ మాటకి తగిలిందో అక్కడికి వెళ్ళి నిలబడి రెండోవాళ్ళ వైపు చూడాలి. అంతే. ఈ ఒక్క ముక్క చెప్పాక మా పక్కింటి కోడలు గబగబా పది లెక్కలు చేసి, "ఇంతేనా అక్కా!" అంది.

నీడల లెక్కలూ ఇలాంటివే. పొద్దున్నే లక్ష్మి నీడ ఆమె కుడివైపు పడితే ఆమె ఎటు చూస్తోంది? పొద్దుటి నీడ పడమరకి పడుతుంది. పడమర కుడి చేతికి రావాలంటే దక్షిణం వైపు తిరిగి ఉండాలి. వడియాలు ఎండబెట్టి నీడ జరిగినప్పుడల్లా చాప జరిపిన చేతులివి, మనకి ఇది కొత్తా?

"ఉద్యోగంలో చేరాక ఈ దిక్కులతో పనేముంది" అని మావారు అంటారు. నా ఉద్దేశంలో ఆ పరీక్ష చూసేది దిక్కుల్ని కాదు, నాలుగు మలుపులు తిరిగాక కూడా మనిషి ఎక్కడున్నదీ మర్చిపోకుండా ఉంటామా అన్నది. పొయ్యి మీద పాలు, గుమ్మంలో కూరగాయలబ్బాయి, పిల్లాడి హోంవర్కు, అత్తగారి మాత్రలు అన్నీ ఒకేసారి గుర్తుంచుకునేవాళ్ళం అందులో ఎందుకు తప్పుతాం? మనకి తక్కువైంది సాధన ఒక్కటే. దాన్ని చేతకానితనమని మన పేరున రాసేస్తే ఒప్పుకోకూడదు. ముఖ్యంగా ఆడపిల్లల ముందు "నాకు దిక్కులు తెలియవు" అని నవ్వడం మానేద్దాం. వాళ్ళు అది నేర్చేసుకుంటారు.

ఈ రాత్రి భోజనాలయ్యాక మీ అమ్మాయిని ఒకటి అడగండి. పైన చెప్పిన ఇంట్లో పొయ్యి దేవుడి గదికి ఏ దిక్కున ఉంటుంది, బీరువాకి ఏ దిక్కున ఉంటుంది? జవాబు నేను చెప్పను. కి ఎక్కడుందో చూసుకుంటే చాలు.