తౌడు విలువ రైతుకు తెలియాలి

వడ్లు ఆడించిన రైతు బియ్యం ఎన్ని వచ్చాయని చూసుకుంటాడే గాని, తౌడు ఎటు పోయిందని అడగడు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద నల్లగొండలోను, జూరాల, కోయిల్‌సాగర్ నీళ్ళ కింద పాలమూరులోను వరి పండుతున్నది. మిర్యాలగూడ రైస్ మిల్లులకు పేరు పొందింది. అయినా తౌడంటే బర్రెల దాణా అనే చాలామంది అభిప్రాయం.

క్వింటాలు వడ్లకు సుమారు 8 కిలోల తౌడు వస్తుంది. మంచి తౌడులో 15 నుంచి 20 శాతం దాకా నూనె ఉంటుంది. అంటే ప్రతి క్వింటాలు వడ్లలో కిలోకు పైగా వంటనూనె దాగి ఉన్నదన్నమాట. ఆ నూనెలో విటమిన్ ‘ఇ’తో పాటు ఒరిజనాల్ అనే పదార్థం ఉంటుంది. జపానులో దీనిని మందుగా కూడా వాడారు.

చిక్కల్లా తౌడు త్వరగా చెడిపోవడమే. గింజలో నూనె ఒకచోట, దానిని చెడగొట్టే ఎంజైము మరొకచోట ఉంటాయి. పాలిష్ పట్టగానే రెండూ కలిసిపోతాయి. గంటల్లోనే నూనె చెడడం మొదలవుతుంది. బాగా ముక్కిన తౌడు నూనె సబ్బుల తయారీకే పోతుంది. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో వడ్లు ముందే ఉడుకుతాయి కనుక ఆ తౌడు కొంతకాలం నిలుస్తుంది. నష్టమంతా పచ్చి బియ్యం ఆడే గిర్నీలదే. హల్లర్ గిర్నీల్లోనైతే తౌడు ఊకలో కలిసిపోయి నూనె తీయడానికి పనికిరాకుండా పోతున్నది.

తౌడును ఆడిన వెంటనే వేడిచేసి తేమ తీస్తే ఈ చెడుపు ఆగుతుంది. నూనె శుద్ధిలోనూ జాగ్రత్త అవసరం. కాస్టిక్ సోడాతో శుద్ధి చేస్తే ఒరిజనాల్ చాలా భాగం సబ్బు మడ్డిలోకి పోతుంది. ఆ మడ్డి నుంచి దానిని తిరిగి రాబట్టే పద్ధతులున్నాయి. హైదరాబాదులోని ఐ.ఐ.సి.టి. శాస్త్రజ్ఞులు తౌడు నూనెలోని జిగురును ఎంజైముతో తొలగించే పద్ధతిని రూపొందించారు. విద్య మన రాష్ట్రంలోనే ఉన్నది, ఊరి గిర్నీకి చేరలేదు.

తౌడు నూనెకు పోతే గొడ్లకేమి పెట్టాలన్న ప్రశ్న సహజమే. నూనె తీసిన తౌడులో మాంసకృత్తులు మిగిలే ఉంటాయి. అది దాణాగా తిరిగి రావచ్చు.

ప్రభుత్వ వడ్లను మరపట్టే మిల్లులు క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పగించాలి. తౌడు, ఊక మిల్లు వద్దనే ఉంటాయి. ఈ తౌడు విలువ మర కూలి లెక్కలోకి ఏ మేరకు వస్తున్నదో రైతులకు బహిరంగంగా తెలియజేయడం న్యాయం.

ఒక్క గిర్నీ తౌడుతో నూనె మిల్లు నడవదు. పది ఊళ్ళ తౌడు కలిస్తే నడుస్తుంది. సహకార సంఘాలు తౌడు వేడిచేసే యంత్రాలు నెలకొల్పి, ఏరోజు తౌడు ఆరోజే సేకరించి నూనె మిల్లుకు చేర్చాలి. అందుకు రుణ సదుపాయం కల్పించే విషయమై ఉభయ జిల్లాల అధికారులు ఇకనైనా శ్రద్ధ వహించాలి.