నిమ్మగడ్డి నీళ్లతో బిడ్డ కడుపు నింపకండి

పసిపిల్లలకు టీ మంచిది కాదన్న మాట ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు. అంతవరకు సంతోషమే. కానీ ఆ వెనకే ఇంకో మాట వస్తోంది: కెఫీన్ లేని మూలికల టీలైతే ఇవ్వొచ్చు, పైగా ఆరోగ్యం అని. అరకు చూసి వచ్చే పట్నవాసులు నిమ్మగడ్డి, తులసి పొట్లాలు కొని తెచ్చి మూడేళ్ల పిల్లలకు కాచి పోస్తున్నారు. మన్యం ఊళ్లలో పొద్దున్నే టీ నీళ్లకు అలవాటుపడ్డ పిల్లలకు కూడా ఇవే పట్టమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. మంచి మనసుతో ఇచ్చినా ఈ సలహా తప్పు.

దోషమంతా కెఫీన్ మీదికి నెట్టడంలోనే పొరపాటు మొదలవుతోంది. కెఫీన్ నిద్ర చెడగొడుతుంది, నిజమే. రక్తం తక్కువైన బిడ్డకు అంతకంటే పెద్ద చెరుపు టీ ఆకుల్లోని పాలీఫినాల్స్ అనే పదార్థాల వల్ల జరుగుతుంది. అవి తిండిలోని ఇనుమును పట్టేసి ఒంటికి అందనివ్వవు. రిచర్డ్ హరెల్, మంజు రెడ్డి, జేమ్స్ కుక్ ఈ సంగతిని పెద్దవాళ్లలో కొలిచి 1999లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ న్యూట్రిషన్‌లో ప్రచురించారు. రొట్టెతోపాటు మామూలు టీ తాగితే ఇనుము ఒంటబట్టడం 79 నుంచి 94 శాతం దాకా తగ్గింది. పెప్పర్‌మింట్ టీతో 84 శాతం, కామొమైల్ టీతో 47 శాతం తగ్గింది. ఈ రెండింటిలోనూ కెఫీన్ లేదు. నిమ్మగడ్డిని ఆ పరిశోధనలో పరీక్షించలేదు. అయినా కెఫీన్ లేదన్న ఒక్క కారణంతో ఏ ఆకునూ పిల్లల పానీయం చేసేయలేమని దానితో తేలిపోయింది.

మన పిల్లల సంగతి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. ఏజెన్సీలో మలేరియా, నులిపురుగులు, సికిల్ సెల్ కూడా ఇందుకు కారణాలే. అంతా ఇనుము లోపమే అనడం లేదు. కానీ ఆకుకూరల నుంచీ ధాన్యాల నుంచీ వచ్చే ఇనుముకే ఈ పాలీఫినాల్స్ ఎక్కువగా అడ్డుపడతాయి. కొండ మీద బిడ్డ తినేది ఎక్కువగా అవే.

పైగా పసిబిడ్డ కడుపెంత? కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్లు పడుతుంది. ఎనిమిది కిలోల బిడ్డకు అర గ్లాసు పంచదార వేసిన టీ నీళ్లు పోస్తే ఆకలి చచ్చిపోతుంది. ముద్ద పెట్టబోతే మొహం తిప్పుకుంటుంది.

టీ కోసం గెడ్డ (వాగు) నీళ్లు కాచడం వల్ల సూక్ష్మజీవులు చస్తాయి కదా అంటారు. ఈ వాదనలో బలముంది, నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ మేలు చేసేది మరగడమే, ఆకు కాదు. నీళ్లు కాచి చల్లార్చి నీళ్లుగానే పట్టండి. ఆరు నెలల లోపు బిడ్డకైతే అదీ వద్దు, తల్లిపాలు చాలు.

మన పెద్దలు కషాయాలు పట్టలేదా అని ఇంకో ప్రశ్న. పట్టారు, జబ్బు చేసినప్పుడు, చెంచాతో. రోజూ గ్లాసుతో తాగించలేదు. సహజమైనదంతా పసివాళ్లకు క్షేమమూ కాదు. అనాసపువ్వు టీ తాగిన పసిపిల్లలకు మూర్ఛలు వచ్చాయని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2003లో హెచ్చరించింది. మన అడవి తేనె ఎంత మంచిదైనా ఏడాది లోపు బిడ్డ నాలుకకు రాయకూడదు, బొటులిజం ప్రమాదం ఉంది.

మరేం పట్టాలి? చోడి (రాగి) అంబలి. చోళ్లలోనూ ఇనుమును అడ్డుకునే పదార్థాలున్నాయి, కానీ రాత్రి పులియబెడితే అవి తగ్గుతాయి. పైగా కాల్షియంలో ఏ ధాన్యమూ చోళ్లకు సాటిరాదు. మునగాకు వేసి ఇంత నిమ్మరసం పిండితే ఇనుము ఇంకాస్త బాగా ఒంటబడుతుంది. 2023 మార్చి నుంచి సర్కారు బడుల్లో రాగి జావ పోయడం మొదలైంది. బడి ఈడు రాని బిడ్డకు అది ఇంట్లోనే అందాలి.

నిమ్మగడ్డి పండించే రైతు బాగుండాలి. ఆ టీ పెద్దలం తాగుదాం, భోజనానికి గంట ముందో వెనకో. అరకులో మూలికల టీ అమ్మేవారందరికీ నా విన్నపం ఒక్కటే: పొట్లం మీద ‘ఐదేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకండి’ అని తెలుగులోనూ, ఆదివాసీ ఒడియాలోనూ, కువిలోనూ అచ్చువేయించండి. ఆదివాసీ ఒడియా, కువి భాషల్లో తెలుగు లిపితో బడి పుస్తకాలు ఎప్పుడో వచ్చాయి.