పరుగులు నేర్పిన భూగోళం మాష్టారు

మన హైస్కూళ్ళలో డ్రిల్లు మాష్టారి సంగతి మీకు కొత్తగా చెప్పనక్కర లేదు. మెడలో ఈల, చేతిలో బెత్తం. పరీక్షలు దగ్గరపడేసరికి ఆయన పీరియడ్లన్నీ లెక్కల మాష్టారి పాలవుతాయి. కుర్రాడు సాయంత్రం ఒళ్ళంతా మట్టికొట్టుకుని ఇంటికి వస్తే, "ఆటలు కూడు పెడతాయిట్రా?" అని తండ్రిగారు నిలదీస్తారు. ఆ ప్రశ్నకు కుర్రాడి దగ్గర జవాబుండదు. నిజం చెప్పాలంటే డ్రిల్లు మాష్టారి దగ్గరా ఉండదు.

ఆ ప్రశ్న మూటగట్టుకుని ఈ వారం కెన్యా దేశందాకా వెళ్ళివద్దాం రండి.

కెన్యాకు పడమటి వైపున, పెద్ద లోయ అంచున ఇటెన్ అనే చిన్న ఊరుంది. సముద్రమట్టానికి దాదాపు 2,400 మీటర్ల ఎత్తు. అంటే మన ఊటీకన్నా కాస్త ఎక్కువే. గాలి పలచన, బాటలు ఎర్రమట్టి. అక్కడ సెయింట్ పాట్రిక్స్ హైస్కూలని కాథలిక్కుల బడి ఒకటి ఉంది. 1976లో ఆ బడికి భూగోళం చెప్పడానికి ఐర్లండు నుంచి ఒక యువకుడు వచ్చాడు. పేరు కోలం ఓకానెల్. పాట్రీషియన్ బ్రదర్స్ అనే బోధక సంఘంలో ఆయన సభ్యుడు. బ్రదరంటే చర్చిలో పూజ చేయించే ఫాదరీ కాడు. పెళ్ళీ పేరంటమూ మానుకుని, పిల్లలకు చదువు చెప్పడమే వ్రతంగా పెట్టుకున్నవాడు. 1808లో ఐర్లండులో పుట్టిన ఈ సంఘం మనవాళ్ళకు బొత్తిగా పరాయిది కాదు. మద్రాసు అడయారులో సెయింట్ పాట్రిక్స్ బడి పెట్టి నడిపినది వీరే. అక్కడ చదువుకున్న తెలుగు పిల్లలు మన పాఠకుల్లోనూ ఉండే ఉంటారు.

కొద్దికాలం ఉండి పోదామనే ఆయన వచ్చాడు. పరుగుపందాల విద్య ఆయనకు తెలియదు. శిక్షకుడిగా సర్టిఫికెట్టు లేదు. అప్పట్లో ఆ బడిలో పిల్లల్ని పరుగెత్తిస్తున్నవాడు పీటర్ ఫాస్టర్ అనే ఇంగ్లీషు ఉపాధ్యాయుడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్సులో పదివేల మీటర్ల పరుగులో కంచుపతకం తెచ్చుకున్న బ్రెండన్ ఫాస్టరుకు సోదరుడు. ఆయన స్వదేశం వెళ్ళిపోతూ ఆ పని కొత్త మాష్టారికి అప్పగించాడు. తెలియని పని నెత్తిన పడ్డప్పుడు మన మాష్టార్లలో కొందరు తెలిసినట్టు నటిస్తారు. ఈయన మాత్రం మైదానం పక్కన నిలబడి పిల్లలు ఎలా పరుగెత్తుతున్నారో చూస్తూ, వారి దగ్గరే నేర్చుకున్నాడు.

ఆ చూపే ఆయన విద్య. గడియారం కేసి చూసేది తక్కువ, మనిషిని చూసేది ఎక్కువ. పందెం గుర్రాల్లా ఉరికించడు. మెల్లగా, వరసగా, ఊపిరి తీరు తెలుసుకుంటూ పరుగెత్తమంటాడు. ఇంగ్లీషులో ఫాస్ట్ అనే మాటకు నాలుగక్షరాలున్నాయి గదా; వాటికి ఆయన చెప్పే అర్థం వేరు: దృష్టి, ఒంటి పొందిక, నిలకడ, అదను. వేగం అనే ముక్క వాటిలో ఎక్కడా లేదు!

ఫలితం చూడండి. ఆ బడిలో చదివిన ఇబ్రహీం హుస్సేన్ 1987లో న్యూయార్కు మారథానూ, 1988లో బోస్టన్ మారథానూ గెలిచాడు. 1988 సియోల్ ఒలింపిక్సులో 1,500 మీటర్ల బంగారు పతకం పీటర్ రోనో అనే 21 ఏళ్ళ కుర్రాడిది. 800 మీటర్లలో విల్సన్ కిప్‌కెటర్ 1997లో నెలకొల్పిన 1 నిమిషం 41.11 సెకండ్ల రికార్డు పదమూడేళ్ళు చెక్కుచెదరలేదు. 2010లో దాన్ని బద్దలు కొట్టినవాడు డేవిడ్ రుడిషా. ఇతడూ బ్రదరు శిష్యుడే! శిష్యుడి రికార్డును మరో శిష్యుడు మింగితే గురువు ఎవరివైపు చప్పట్లు కొట్టాలి?

రుడిషా మసాయి పిల్లవాడు. తండ్రి 1968 మెక్సికో ఒలింపిక్సులో రిలే జట్టుతో వెండిపతకం తెచ్చుకున్నవాడు. 400 మీటర్లు పరుగెత్తే పిల్లవాణ్ణి 800కు మళ్ళించింది బ్రదరే. 2012 ఆగస్టు 9న లండనులో ఆ పిల్లవాడు మొదటి అడుగునుంచి చివరి అడుగుదాకా తానే ముందుండి, 1 నిమిషం 40.91 సెకండ్లలో రెండు చుట్లూ పూర్తిచేశాడు. అతని వెనక పడి అందరూ ఎంత వేగంగా పరుగెత్తారంటే, ఆఖరున వచ్చిన ఎనిమిదోవాడి సమయం అంతకుముందు మూడు ఒలింపిక్సుల్లో ఏ ఒక్కదానిలో నమోదైనా బంగారు పతకం అతనిదే.

సరే, ఆటలు కూడు పెట్టాయా? పెట్టాయి. రోనో, హుస్సేన్ వంటివాళ్ళు పరుగు పుణ్యమా అని అమెరికా కాలేజీల్లో చదువుకున్నారు. 1989 నుంచి బ్రదరు సెలవుల్లో శిబిరాలు పెట్టి ఆడపిల్లలకూ తర్ఫీదు ఇచ్చాడు. ఆ శిబిరంలో మెరుగులు దిద్దుకున్న ఎడ్నా కిప్లగట్ పిల్లల తల్లి అయ్యాక 2011లో, 2013లో ప్రపంచ మారథాన్ విజేత అయింది.

కాని కూటితోపాటు డబ్బూ వచ్చింది, డబ్బుతో చీడా వచ్చింది. నిషిద్ధమైన మందులు వాడి కెన్యా క్రీడాకారులు ఎందరో బహిష్కారానికి గురయ్యారు. 2021 అక్టోబరులో ఏగ్నెస్ టిరోప్ అనే పాతికేళ్ళ పిల్ల, పది కిలోమీటర్ల పరుగులో రికార్డు నెలకొల్పి నెల తిరిగిందో లేదో, ఇటెన్‌లో తన ఇంట్లోనే హత్యకు గురైంది. కాళ్ళకు వేగం నేర్పితే చాలదు. గెలిచాక ఎలా నిలబడాలో, ఎవర్ని నమ్మాలో నేర్పే పెద్దదిక్కొకటి ఉండాలి. పందెం ముగిశాకనే ఆ పెద్దమనిషి అవసరం ఎక్కువ. నాలుగు దశాబ్దాలకు పైగా ఒకే ఊళ్ళో, ఒకే బడిని అంటిపెట్టుకున్న మాష్టారు విలువ అక్కడ తెలుస్తుంది. తన సంపాదన ఏమిటని ఆయన్నెవరైనా అడిగితే చూపించడానికి మేడా లేదు, మాన్యమూ లేదు.

ఆ బడి ఆవరణలో చెట్లు మాత్రం ఉన్నాయి. విశ్వవిజేత అయిన ప్రతి విద్యార్థి పేరనా ఒక చెట్టు నాటడం అక్కడి ఆచారం. గురువు నాటిన మొక్క ఎంత ఎత్తు పెరిగితే అంత నీడ. ఆ నీడలో కూర్చుని చదువుకునేది మళ్ళీ ఎవరి పిల్లలో.

ఈసారి మీ అబ్బాయి మట్టికాళ్ళతో ఇంటికి వస్తే, కోప్పడేముందు వాళ్ళ డ్రిల్లు మాష్టారి పేరేమిటో ఒక్కసారి అడగండి. ఆ పేరు మీకు ఇంతవరకూ తెలియకపోతే, తప్పు కుర్రాడిది మాత్రం కాదు.