మూడు గంటల లోపు ఎవరు చేరతారు?

ప్రమాదంలో రక్తం బాగా పోతున్న మనిషిని ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మందు కాపాడగలదని 2010లో 'క్రాష్-2' పరిశోధన తేల్చింది. లండన్ కేంద్రంగా 40 దేశాల్లోని 274 ఆసుపత్రుల్లో, 20 వేల మందికి పైగా క్షతగాత్రులపై ఈ ప్రయోగం జరిగింది. వారిలో నాలుగున్నర వేలకు పైగా మన దేశం వాళ్లే. మరే దేశం నుంచీ ఇంతమంది లేరు. ఉత్తుత్తి మందు ఇచ్చిన వారిలో నూటికి 16 మంది చనిపోతే, అసలు మందు అందిన వారిలో 14.5 మంది చనిపోయారు. అంటే ప్రతి వెయ్యి మందిలో పదిహేను ప్రాణాలు నిలిచాయి.

మరుసటి ఏడాది వచ్చిన విశ్లేషణ మనకు ఇంకా ముఖ్యం. గాయమైన గంటలోపు మందు ఇస్తే రక్తస్రావంతో చనిపోయే ప్రమాదం దాదాపు మూడో వంతు తగ్గింది. మూడు గంటల లోపు ఇచ్చినా మేలు జరిగింది. మూడు గంటలు దాటాక ఇస్తే మేలు లేకపోగా కీడు కనిపించింది. ఇది ఖరీదైన మందు కాదు. 2011లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని గాయాల చికిత్సకు అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అంటే పేదవాడికి అడ్డుపడేది మందు ధర కాదు, ఆసుపత్రికి ఉన్న దూరం.

శ్రీకాళహస్తి నుంచి చూస్తే ఈ మాట అర్థమవుతుంది. పట్టణంలో ఏరియా ఆసుపత్రి ఉంది. పెద్ద గాయమైతే తిరుపతి రుయాకో, స్విమ్స్‌కో వెళ్లాలి. అది 40 కిలోమీటర్ల లోపే. 2017 ఏప్రిల్ 21న ఏర్పేడు పోలీస్ స్టేషన్ ముందు, ఇసుక అక్రమ తవ్వకాలపై గోడు చెప్పుకోవడానికి వచ్చిన మునగలపాలెం జనం మీదికి లారీ దూసుకొచ్చింది. కనీసం 15 మంది చనిపోయారు. గాయపడిన వాళ్లను తిరుపతికే తరలించారు. అది హైవే పక్కన, పట్టపగలు, అందరి కళ్లముందు జరిగిన ఘోరం. ఊరి చివరి దళితవాడలోనో, పొలాల మధ్య యానాదుల గుడిసెల్లోనో రాత్రిపూట ఎవరైనా గాయపడితే పరిస్థితి వేరు. 108కి ఫోన్ చేయడానికి, బండి వచ్చే దారి వరకు మనిషిని మోసుకురావడానికి, ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి పంపడానికి పట్టే సమయమంతా ఆ మూడు గంటల్లోంచే పోతుంది.

ఇక సమ్మతి సంగతి. స్పృహ లేని మనిషి ప్రయోగానికి ఒప్పుకున్నాడో లేదో ఎలా తెలుస్తుంది? ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంటే అత్యవసర పరిశోధనలో ముందు చికిత్స చేసి, తర్వాత రోగికి గానీ బంధువుకు గానీ చెప్పి సమ్మతి తీసుకోవచ్చు. ఈ వెసులుబాటు అవసరమే. కానీ తీరిక ఉన్నప్పుడు కూడా మన దగ్గర సమ్మతి ఎలా తీసుకున్నారో ఖమ్మం చెబుతుంది. 2009లో అక్కడ సుమారు 14 వేల మంది బాలికలకు హెచ్‌పీవీ టీకా వేశారు. చాలామంది ఆదివాసీ, పేద కుటుంబాల పిల్లలు. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని, 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదికలో నమోదైంది. మరణాలకు టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణ చెప్పింది. సరే. అడగకుండానే పిల్లల శరీరాలను వాడుకున్నారన్న ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు.

2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. ఒక సామాన్య వ్యక్తి, ఒక మహిళ, ఒక న్యాయ నిపుణుడు తప్పనిసరి. సగం మంది బయటివాళ్లు కావాలి. ఎస్సీ, ఎస్టీ సభ్యులు ఉండాలన్న మాట మాత్రం ఎక్కడా లేదు. క్రాష్-2 పట్టికలు చూడండి. వయసు ఉంది, ఆడా మగా ఉంది, గాయం రకం ఉంది, గడిచిన గంటలు ఉన్నాయి. కులం లేదు. లెక్క లేనిచోట వివక్షను రుజువు చేయడం కష్టం.

మేము పరిశోధనకు వ్యతిరేకం కాదు. దళితులను ప్రయోగాలకు దూరం పెట్టడం కూడా పరిష్కారం కాదు. అలా చేస్తే మన శరీరాలకు ఏ మందు ఎలా పనిచేస్తుందో తెలియకుండా పోతుంది. మేము అడిగేది ఇచ్చిపుచ్చుకోవడంలో న్యాయం. ప్రభుత్వాసుపత్రి మంచం మీద పుట్టిన జ్ఞానం తిరిగి ఆ మంచానికి, ఆ వాడకు చేరాలి.

దీనికి మొదటి అడుగు చిన్నదే. మీ మండలంలోని 108 వాహనంలో, మీ ఏరియా ఆసుపత్రిలో ఈ మందు ఉందా, గత ఏడాది ఎంతమందికి ఇచ్చారు, గాయమైన ఎన్ని గంటలకు ఇచ్చారు? ఈ మూడు ప్రశ్నలతో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. విద్యార్థి సంఘాలు ఒక్కో మండలం పంచుకుంటే జిల్లా మొత్తం లెక్క తేలుతుంది. ఆ లెక్క చేతిలో ఉంటే కలెక్టర్ ముందు మనం బతిమాలుకోనక్కర్లేదు, నిలదీయవచ్చు.