కట్టెలోని చక్కెర - నేలరాలు చక్కెర



కట్టెపొట్టునుండియు చిత్తుకాగితములనుండియు చక్కెర తీయవచ్చునని విని, మన ఉద్దానమున అట్టి కర్మాగార మేల పెట్టరాదని కొందరు సభ్యులు అడుగుచున్నారు. ప్రశ్న మంచిదే. 2018 అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుపాను పలాసకు సమీపమున తీరము దాటి, కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలగూల్చినప్పుడు ఎటుచూచినను కట్టెయే గదా. అయినను, కర్మాగారమునకు ముందు మనము చేయవలసిన పనులు రెండు కలవని నా అభిప్రాయము.

కట్టె, గడ్డి, కాగితము, నూలుగుడ్డ, వీని యన్నిటిలోను ముఖ్యపదార్థము సెల్యులోజు. గ్లూకోజు అను చక్కెర అణువులు గొలుసువలె కూడగా అది ఏర్పడినది. బియ్యములోని పిండియు అట్టి గొలుసే. పిండి ముడిని మన ఉమ్మి విప్పగలదు. సెల్యులోజు ముడిని విప్పజాలదు. పశువుల కడుపులోని సూక్ష్మజీవులును, కట్టెను కుళ్లించు బూజులును విప్పగలవు. అవి స్రవించు ఎంజైములే ఆ తాళమునకు తగిన చెవులు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున పసిఫిక్ దీవులలో అమెరికా సైన్యపు నూలు గుడారములు చివికిపోవుచుండగా, కారణము వెదకిన శాస్త్రజ్ఞులకు ఒక బూజు దొరకినది. ఎల్విన్ రీస్ అను శాస్త్రజ్ఞుని పేర దానికి ట్రైకోడెర్మా రీసై అను పేరు వచ్చినది. 1970 దశకమున చమురు కఱవు వచ్చినప్పుడు, ఆ బూజు ఎంజైములతో పాత వార్తాపత్రికలను చక్కెరగా మార్చి చూచిరి. 100 పాళ్ల సెల్యులోజు నీటిని చేర్చుకొని పూర్తిగా విడిపోయినచో 111 పాళ్ల చక్కెర యగునని లెక్క. హర్యానాలోని పానిపట్టున ఇండియన్ ఆయిల్ సంస్థ 2022లో ప్రారంభించిన కర్మాగారము వరిగడ్డినుండి ఈ మార్గముననే ఇథనాలు తీయుటకు ఏర్పడినది.

అయితే కట్టెలో సెల్యులోజు ఒంటరిగా నుండదు. ఇటుకల నడుమ సున్నమువలె లిగ్నిను దానిని చుట్టియుండును. తెల్లకాగితము చేయునపుడే లిగ్నిను చాలవరకు పోవును గనుక కాగితము సులభముగా లొంగును. కట్టెను మాత్రము నలుగగొట్టి, ఆవిరితోనో ఆమ్లముతోనో మెత్తపరచినగాని ఎంజైము లోనికి చొరదు. దీనికి వ్యయ మధికము. పైగా పానిపట్టు కర్మాగారమునకు ఏటా సుమారు 2 లక్షల టన్నుల గడ్డి కావలెను. తుపాను కట్టె ఏటేట రాదు. రాకుండవలెననియే మన ప్రార్థన. దానిని నమ్మి కర్మాగారము కట్టరాదు.

ఇక మొదటి పని. పడిన కొబ్బరి మానులను తోటలోనే కుళ్లనిచ్చిన, వానిలో కొమ్ముపురుగు గుడ్లు పెట్టి, బ్రతికియున్న చెట్ల మొవ్వులను తినును. కాల్చిన, మన ఇసుకనేలకు చేరవలసిన సారము పొగయై పోవును. కావున వంటచెఱకునకు పనికిరాని దానిని ముక్కలుచేసి, పేడయు పచ్చిరొట్టయు కలిపి, ట్రైకోడెర్మా చల్లి, తడియారకుండ గోతిలో మాగబెట్టవలెను. కొమ్ముపురుగు పిల్లలను చంపు మెటారైజియం అను బూజును కూడ చల్లుట మేలు. యుద్ధకాలపు బూజుయొక్క జ్ఞాతులే మన గోతిలో కూలి యడుగక పనిచేయును. జీడిపిక్కల పెంకును మాత్రము అందులో వేయరాదు. దాని నూనె చర్మమును కాల్చునట్టిది.

రెండవ పని ఇంతకంటె ముఖ్యము. కట్టెలో దాగిన చక్కెరకై ఇంత యాలోచించు మనము, జీడిమామిడి పిక్కను గిల్లుకొని పండును చెట్టుక్రిందనే పారవేయుచున్నాము. ఆ పండు రసములో సుమారు పదింట ఒక వంతు చక్కెరయే. దానికి ఎంజైము అక్కఱలేదు, ఆవిరి అక్కఱలేదు. విటమిన్ సి నారింజలోకంటె హెచ్చు. గొంతు పట్టు వగరును సగ్గుబియ్యపు గంజి కలిపి తేర్చి తీసివేయవచ్చును. పండు ఒక్కదినములోనే పులియును గనుక ఒంటరి రైతునకిది సాధ్యము కాదు, సంఘమునకు సాధ్యమగును. నేను చెప్పునది సారాయి కాదు, పానకము.

కావున రాబోవు సర్వసభ్యసమావేశమున రెండు తీర్మానములు చేయవలెనని నా మనవి: అద్దెకిచ్చుటకు కట్టెను ముక్కలుచేయు యంత్ర మొకటి, పండ్ల కాలమునకు రసము తీయు యంత్ర మొకటి సంఘము కొనవలెను. రేపు ఎవరైన కర్మాగారము పెట్టుదుమని వచ్చినచో, కట్టెకు తూకముపై ధర యెంత, మోత కూలి యెవరిది అని మొదట అడుగుడు. చేతిలోని చక్కెరను నేలపాలు చేసికొని, కట్టెలోని చక్కెరకై ఎదురుచూచుట వివేకము కాదు.