మొదటి వరుసలో ఎవరు నిలవాలి?

వ్యాధిగ్రస్తుడు వైద్యుని గుమ్మం తొక్కక ముందే చేతిలోని ఫోనును ప్రశ్నించే కాలమిది. భద్రాచలానికి గోదావరి ఆవలి ఒడ్డున ఉన్న మా సారపాకలోను, చుట్టుప్రక్కల అటవీ గ్రామాలలోను ఇదే రివాజు. "మూత్రపిండాలకు ఏ ఆకు మంచిది?" అని గూగుల్‌ను అడుగుతారు. లెక్కకు మిక్కిలి పుటలు సమాధానంగా వచ్చి నిలుస్తాయి. అడిగినవాడు వాటిలో మొదటి నాలుగైదు చూచి ఊరుకుంటాడు. ఆ మొదటి వరుసలో ఎవరి మాట ఉంటే వారే ఆనాటికి అతనికి వైద్యులు.

అందువల్లనే మన ఆయుర్వేద వైద్యులలో పలువురు తమ వెబ్‌సైటును శోధన ఫలితాలలో పైకి తేవాలని ప్రయత్నిస్తున్నారు. రుసుము చెల్లిస్తే నెల రోజులలో మొదటి స్థానం ఇప్పిస్తామనేవారు కూడా బయలుదేరారు. వైద్యుడు తన పుటను పైకి తెచ్చుకోగోరడం దోషం కాదనీ, తెలిసినవాడు వెనుక ఉండిపోతే తెలియనివాడు ముందు నిలుస్తాడనీ నా అభిప్రాయం. అయితే అందుకు అవలంబించే మార్గం వైద్యధర్మానికి లోబడి ఉండాలి.

ముందుగా ఈ యంత్రం పనిచేసే తీరు తెలుసుకుందాం. లోకంలోని వెబ్ పుటలను అది నిరంతరం చదివి, ఏ మాట ఏ పుటలో ఉన్నదో సూచిక తయారు చేసుకుంటుంది. ప్రశ్న రాగానే ఆ సూచిక నుండి తగిన పుటలను వరుసగా పేరుస్తుంది. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్‌ను స్థాపించినప్పుడు ఈ వరుసను నిర్ణయించడానికి ఒక ఉపాయం ఆధారమైంది. ఒక పుట మరొక పుటకు లింకు ఇస్తే అది సాక్ష్యం చెప్పినట్లు. పదిమంది గౌరవించే పుట చెప్పే సాక్ష్యానికి విలువ ఎక్కువ. నేడు ఇంకా అనేక అంశాలను లెక్కలోకి తీసుకుంటున్నా, ఈ సాక్ష్యానికి ప్రాధాన్యం పూర్తిగా పోలేదు.

మనకిది క్రొత్త భావన కాదు. రోగజ్ఞానానికి ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం అని మూడు సాధనాలను చరకుడు విమానస్థానంలో చెప్పాడు. అయితే ఆప్తుడంటే రజస్తమో దోషాలు లేనివాడని కూడా ఆయన నిర్వచించాడు. యంత్రం సాక్షులను లెక్కించగలదు గాని వారి మనస్సును పరీక్షించలేదు. ఈ లోపాన్ని కనిపెట్టినవారు లింకులను కొనడం, ఒకే మాటను పుట నిండా కుక్కడం, ఇతరుల వ్రాతలను అటూ ఇటూ మార్చి తమవిగా పెట్టడం మొదలుపెట్టారు. గూగుల్ 2011లో 'పాండా', 2012లో 'పెంగ్విన్' అనే మార్పులు తెచ్చి ఇటువంటి పుటలను క్రిందికి నెట్టింది. తన ఫలితాలను పరీక్షించేవారికి ఇచ్చే మార్గదర్శకాలలో ఆరోగ్య విషయాలకు ఎక్కువ కఠినమైన ప్రమాణం పెట్టింది. నైపుణ్యం, ప్రామాణికత, విశ్వసనీయత అనే మూడు గుణాలకు 2022 డిసెంబరులో స్వానుభవాన్ని కూడా చేర్చింది. శోధనలో పైకి రావడానికే గంపగుత్తగా తయారు చేసే వ్రాతలపై 2024 మార్చిలో కొత్త నిబంధనలు ప్రకటించింది. కొన్న సాక్ష్యం ఎంతకాలం నిలుస్తుందో దీనిని బట్టి గ్రహించవచ్చు.

చరక సంహిత సూత్రస్థానంలో ప్రాణాభిసరులని, రోగాభిసరులని రెండు విధాల వైద్యులను వర్ణించారు. మొదటివారు ప్రాణాన్ని నిలిపేవారు, రెండవవారు రోగాన్ని పెంచేవారు. రోగాభిసరులు వైద్యవేషంతో వీధులలో తిరుగుతారని, ఎవరికో జబ్బు చేసిందని వినగానే చుట్టుముట్టి తమ గొప్ప చాటుకొని, చికిత్స చేస్తున్న వైద్యుని దోషాలెంచుతారని అక్కడ ఉన్నది. "వారంలో మధుమేహం మాయం", "ఆపరేషన్ లేకుండా రాళ్ళు కరుగుతాయి" వంటి శీర్షికలతో పైకి ఎగబ్రాకే పుటలు ఆ కోవలోనివే. మధుమేహం, కేన్సరు వంటి వ్యాధులను నయం చేస్తామని ప్రకటించుకోవడాన్ని 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధించింది. వెబ్‌సైటుపై వ్రాశాం గనుక అది ప్రకటన కాదని వాదించడం వైద్యునికి తగదు.

ఇందులోని ప్రమాదానికి ఒక ఉదాహరణ గలిజేరు. మూత్రపిండాలకు పునర్నవ మంచిదని విన్నవారికి తెల్ల గలిజేరు ఆకును చూపించే తెలుగు పుటలు, వీడియోలు ఉన్నాయి. పునర్నవగా ప్రధానంగా వాడేది అటిక మామిడి. శాస్త్రనామం బోయర్‌హావియా డిఫ్యూసా. ఇది కాగితం పూల చెట్టు కుటుంబానికి చెందినది. దీని చిరుకాయలు జిగటగా బట్టలకు అంటుకుంటాయి. కూరగా వండుకునే గలిజేరు వేరొక కుటుంబానికి చెందిన ట్రయాంథెమా పోర్టులకాస్ట్రమ్. తెల్ల పునర్నవ ఏదనే విషయంలో వైద్యులలోనే మతభేదాలున్న మాట నిజం. అయితే ఈ రెండవ ఆకులో ఆక్సలేటులు ఎక్కువ. మూత్రపిండాలు దెబ్బతిన్నవాడు దానినే ప్రతిదినం రసం తీసి త్రాగితే మేలుకు బదులు కీడు కలిగే అవకాశమున్నది. ఒకరు చేసిన పొరపాటును పదిమంది నకలు చేస్తే యంత్రం దృష్టిలో అది పది సాక్ష్యాలుగా కనిపించవచ్చు.

కనుక వెబ్‌సైటు నడిపే వైద్య మిత్రులు ఈ క్రింది నియమాలు పాటించాలని మనవి. వ్యాసం చివర తమ పేరు, చదువు, గురుపరంపర, నమోదు వివరాలు, ఊరు, వ్రాసిన తేదీ తప్పక ఇవ్వాలి. మూలికకు తెలుగు, సంస్కృత, శాస్త్రనామాలు మూడూ తెలుగు లిపిలో వ్రాసి, ఆకు, పువ్వు, కాయ, వేరు విడివిడిగా కనిపించే సొంత ఛాయాచిత్రాలు పెట్టాలి. మోతాదు, అనుపానం, పథ్యాపథ్యాలతో పాటు ఎవరు వాడరాదో స్పష్టంగా చెప్పాలి. రోగి అడిగే మాటలనే శీర్షికలో ఉంచాలి. శీర్షికలో ఇచ్చిన మాట వ్యాసంలో నెరవేరాలి. మామూలు ఫోనులో త్వరగా తెరుచుకునేలా పుట తేలికగా ఉండాలి. ఇవన్నీ రోగికి ఉపకరించే పనులు. శోధన యంత్రం కోరేవి కూడా ఇటువంటివే.

మన వైద్యం చాలని చోట ఆ సంగతి మొదటి వాక్యంలోనే వ్రాయాలి. మన దేశంలో 2000 నుండి 2019 వరకు పాముకాటు వలన ఏటా సగటున 58,000 మంది మరణించారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. మావంటి అడవి అంచు ఊళ్ళలో అర్ధరాత్రి ఎవరైనా "పాముకాటుకు పసరు" అని వెదికితే, మన పుట వారికి ముందుగా చెప్పవలసిన మాట: కాటుపడిన అవయవాన్ని కదలనీయక, కట్టు బిగించక, విషవిరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చండి. పసరు కోసం పోగొట్టిన గంట తిరిగి రాదు.

నిజం వ్రాస్తే ఎవరు చూస్తారు, అతిశయోక్తికే ఆదరణ కదా అని కొందరు అంటారు. ఆ మాటలో కొంత సత్యమున్నది. నిజాయితీగా వ్రాసిన పుట రేపే మొదటి స్థానానికి వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాని మంచి తెలుగులో, బాధ్యతతో వ్రాసిన ఆయుర్వేద పుటలు ఇప్పటికీ అరుదు. ఆ ఖాళీని మనం నింపకపోతే ఇతరులు నింపుతారు. ఇప్పుడు కొన్ని ప్రశ్నలకు కృత్రిమ మేధ సమాధానం కూర్చి అన్నిటికంటే పైన పెడుతున్నది. దానికి దొరికే సరకు కూడా మనం వ్రాసినదే, లేదా మనం వ్రాయక వదిలిన చోట ఇతరులు వ్రాసినదే.

పాఠకులకు కూడా ఒక మనవి. మొదట కనిపించినంత మాత్రాన ఆ మాట ప్రమాణం కాదు. 'స్పాన్సర్డ్' అని ఉన్నది రుసుము కట్టి పెట్టించుకున్న ప్రకటన. వ్రాసినవారి పేరు, ఊరు లేని పుటను చూచి మందు వాడకండి. ఆకును కోసే ముందు తెలిసిన వైద్యునికి చూపించండి.